ఒకే గడప ముందు అన్ని చదువులూ

ఉస్మానియా విశ్వవిద్యాలయం గురించి ఏ ప్రత్యేక సంచిక తిరగేసినా ఆర్ట్స్ కాలేజీ భవనం, ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య, 1969 తెలంగాణ ఉద్యమం తప్పకుండా కనిపిస్తాయి. శామీర్‌పేట మాత్రం అరుదుగా కనిపిస్తుంది. ఆ విశ్వవిద్యాలయం చేసిన గొప్ప పనుల్లో శామీర్‌పేట పరిశోధన ఒకటని నా నమ్మకం. 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా షాద్‌నగర్ డిగ్రీ విద్యార్థులు అందుకున్న పట్టాల మీద ఉస్మానియా పేరే ఉండేది. కాబట్టి ఆ వారసత్వంలో షాద్‌నగర్ వాళ్లమైన మనకూ వాటా ఉంది. ఉత్సవాల వేళ భవనాలనూ మహానుభావులనూ తలుచుకోవడం మంచిదే. ఆగిపోయిన ఒక మంచి పనిని మళ్లీ అందుకోవడం అంతకంటే అవసరం.

1951-52లో ఉస్మానియా సామాజిక సేవా విస్తరణ పథకం ఒకటి చేపట్టింది. దానికి నాయకత్వం వహించిన శ్యామాచరణ్ దూబే అప్పటికి ముప్పై ఏళ్లు నిండని మానవశాస్త్ర అధ్యాపకుడు. హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న శామీర్‌పేటకు ఆయన ఒక్కడే నోటు పుస్తకం పట్టుకుని వెళ్లలేదు. సామాజిక శాస్త్రాల వాళ్లతో పాటు వైద్యం, వ్యవసాయం, పశువైద్యం, విద్యాబోధన రంగాలకు చెందిన అధ్యాపకులూ విద్యార్థులూ కలిసి నడిచారు. అది ఎలాంటి కాలమో గుర్తు పెట్టుకోవాలి. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించారు. ఊళ్లలో భయం, ఆశ రెండూ ఇంకా పచ్చిగానే ఉన్నాయి. 1952 తొలి ఎన్నికల్లో షాద్‌నగర్ నుంచి గెలిచిన బూర్గుల రామకృష్ణారావు హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో సమాజ వికాస పథకం మొదలైంది ఆ ఏడాది అక్టోబరు 2న. అంటే ప్రభుత్వం ఊళ్లలోకి అభివృద్ధి అధికారులను పంపకముందే ఒక విశ్వవిద్యాలయం తన విద్యార్థులను పంపిందన్నమాట. ఆ పరిశోధన ఫలితంగా 1955లో లండన్‌లో ‘ఇండియన్ విలేజ్’ అనే పుస్తకం వెలువడింది. ఒక తెలంగాణ పల్లెను ప్రపంచ విశ్వవిద్యాలయాల తరగతి గదుల్లోకి తీసుకెళ్లిన పుస్తకం అది. అందులో కులం, కుటుంబం, పండుగలు పబ్బాలతో పాటు జీవన స్థాయుల మీద విడిగా ఒక అధ్యాయం ఉంది, మారుతున్న ఊరి మీద ఇంకొకటి ఉంది. పైరు, పశువు, పిల్లల చదువు, మనిషి ఆరోగ్యం అన్నీ ఒకే ఇంటి లెక్కలోకి వస్తేనే అలాంటి అధ్యాయాలకు సత్తువ వస్తుంది. అట్ట మీద ఒక్క దూబే పేరే మిగిలింది. ఇంటింటికీ తిరిగిన విద్యార్థుల పేర్లు కూడా లోకానికి తెలిసి ఉంటే ఉస్మానియా చరిత్రకు మరింత న్యాయం జరిగేది.

ఈ పని అప్పుడు ఎలా సాధ్యమైంది? దూబే ప్రతిభ ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం విశ్వవిద్యాలయ నిర్మాణమే. ఆనాటి ఉస్మానియాలో వైద్య కళాశాల ఉండేది, 1929లో మొదలైన ఇంజనీరింగ్ కళాశాల ఉండేది, 1946లో పెట్టిన వ్యవసాయ, పశువైద్య కళాశాలలు ఉండేవి. అన్నింటికీ ఒకే ఉపకులపతి. డాక్టర్ కాబోయేవాడినీ, పశువుల డాక్టర్ కాబోయేవాడినీ, అర్థశాస్త్రం చదివేవాడినీ ఒకే ఊరికి పంపాలంటే ఒక్క కార్యాలయంలో నిర్ణయం జరిగితే చాలు. ఆ తర్వాత చదువులు వేరుపడ్డాయి. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడి రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ, పశువైద్య కళాశాలలను తీసుకుంది. 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చి వైద్య కళాశాలలను తన కిందికి తెచ్చుకుంది. 2005లో తిరుపతి కేంద్రంగా పశువైద్యానికీ సొంత విశ్వవిద్యాలయం వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక వ్యవసాయానికి జయశంకర్ పేరిట, పశువైద్యానికి పీవీ పేరిట, వైద్యానికి కాళోజీ పేరిట మూడు వేర్వేరు విశ్వవిద్యాలయాలు నిలబడ్డాయి. ఉమ్మడి కుటుంబం వేరు కాపురాలు పెట్టినట్టు ఎవరి పొయ్యి వారిదైంది. ఈ విభజన తప్పని నేను అనను. వరి వంగడాల మీద, పశువుల రోగాల మీద లోతైన పరిశోధన జరగాలంటే దానికే అంకితమైన సంస్థ కావాలి. రాజేంద్రనగర్ పరిశోధనల నుంచి రైతుకు దక్కిన మేలు కళ్ల ముందే ఉంది. కానీ ఈ విభజనలో పోయిందేమిటో ఎవరూ లెక్క వేయలేదు.

విద్యార్థులు ఊళ్లకు వెళ్లడం మానేశారా అంటే అదీ లేదు. చివరి ఏడాదిలో వ్యవసాయ విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమం కింద రైతుల మధ్య కొన్ని నెలలు గడుపుతారు. 2021-22 నుంచి ఎంబీబీఎస్ విద్యార్థులు ఒక్కొక్కరూ కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ల ఆరోగ్యాన్ని గమనించాలన్న నియమం వచ్చింది. న్యాయ కళాశాలలు న్యాయ సహాయ శిబిరాలు పెడతాయి. జాతీయ సేవా పథకం 1969 నుంచి నడుస్తోంది. 2014లో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్ కింద కళాశాలలు గ్రామాలను ఎంచుకుంటున్నాయి. అందరూ వెళుతున్నారు, విడివిడిగా వెళుతున్నారు. ఒకే గడప ముందు సోమవారం ఒకరు బీపీ చూస్తారు, నెల తర్వాత ఇంకొకరు ఎకరాకు ఎన్ని బస్తాల ఎరువు వేశారని అడుగుతారు, మరుసటి ఏడాది మూడో బృందం మరుగుదొడ్డి ఉందా అని రాసుకుంటుంది. ఒకరి కాగితం రెండోవారి కంట పడదు. ఎరువుల అప్పు కోసం భర్త పట్నంలో వాచ్‌మన్ పనికి పోయాడని, అందుకే ఇల్లాలు మందులు సగంలో ఆపేసిందని తెలియాలంటే ఆ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టాలి. ఆ పని చేసేవారు లేరు.

ఇలా పక్కపక్కన పెట్టినప్పుడు ఎంతటి సత్యం బయటపడుతుందో చెప్పే ఉదాహరణ నల్లగొండలోనే ఉంది. అది విద్యార్థుల పని కాదు, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలది. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో చిన్న వయసు వాళ్ల మోకాళ్లు లోపలికి వంగిపోతున్నాయని వాళ్లు గమనించి 1973లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు. ఫ్లోరైడ్ తెలుగు నేలకు కొత్త కాదు. 1937 నాటికే అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను గుర్తించారు. మరి ఈ వంకర కాళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? వైద్యం దగ్గరే ఆగితే జవాబు లేదు. వాళ్లు గింజలను పరీక్షించారు, నేలను చూశారు, నీటిని చూశారు. చివరికి ఒక గొలుసును ప్రతిపాదించారు. నాగార్జునసాగర్ నీటి ఊటతో భూగర్భ జలమట్టం పెరిగింది. దాంతో నేల క్షారగుణం మారింది. ఆ నేలలో పండిన జొన్నలో మాలిబ్డినం పెరిగింది. ఆ జొన్న తిన్నవాళ్ల ఒంట్లోంచి రాగి ఎక్కువగా బయటికి పోతోంది. ఫ్లోరైడ్‌కు అది తోడైంది. ఆనకట్ట ఇంజనీరుది, నేల వ్యవసాయ శాస్త్రవేత్తది, జొన్నరొట్టె ఇల్లాలిది, మోకాలు డాక్టరుది. నలుగురి చదువులూ కలిస్తే తప్ప ఆ పిల్లవాడి కాలు ఎందుకు వంగిందో ఊహించడం కూడా సాధ్యం కాలేదు. వేర్వేరు వృత్తుల విద్యార్థులు ఒకరితో ఒకరు, ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఒక మార్గదర్శక పత్రమే వెలువరించింది. శామీర్‌పేటలో ఆ పని దానికి దాదాపు అరవై ఏళ్ల ముందే జరిగింది.

ఇప్పుడు మన నేల సంగతి. శంషాబాద్‌లో సుమారు 5,500 ఎకరాల్లో కట్టిన విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. దానికి కావలసిన భూమి కంటే దాని నీడలో చేతులు మారిన భూమి ఎంతో ఎక్కువ. శంషాబాద్ నుంచి కొత్తూరు, నందిగామ మీదుగా షాద్‌నగర్ దాకా హైవేకు అటూ ఇటూ పత్తి, మొక్కజొన్న చేలు వెంచర్లయ్యాయి. 2016లో మనం మహబూబ్‌నగర్ జిల్లా నుంచి రంగారెడ్డి జిల్లాలోకి వచ్చాం, ధరలు ఇంకా పెరిగాయి. వలస దిశ కూడా మారింది. ఒకప్పుడు పాలమూరు కూలీ అంటే బతుకుదెరువుకు దూర దేశం పోయేవాడు. ఇప్పుడు కొత్తూరు ఫ్యాక్టరీల్లో ఒడిశా, బీహార్ కూలీలు మన ఊళ్లలో గదులు అద్దెకు తీసుకుని ఉంటున్నారు. భూమి అమ్మిన ఇంట్లో పదేళ్ల తర్వాత ఏమవుతోంది? ఇంతకంటే ముఖ్యమైన సామాజిక ప్రశ్న ఈ ప్రాంతానికి లేదని నేను అనుకుంటాను. దీనికి ఏ ఒక్క చదువూ జవాబు చెప్పలేదు. అమ్మింది పట్టా భూమా, 1977 చట్టం అమ్మకూడదన్న అసైన్డ్ భూమా అన్నది న్యాయ విద్యార్థి తేల్చాలి. వచ్చిన డబ్బు ఇంటికి పోయిందా, పెళ్లికి పోయిందా, అప్పుకు పోయిందా అన్నది కామర్స్ విద్యార్థి రాయాలి. మేత బీడు పోయాక బర్రెలను ఎందుకు అమ్మేశారో పశువైద్య విద్యార్థికి అర్థమవుతుంది. పొలం పని ఆగిన మనిషికి షుగర్ వచ్చిందా లేదా అన్నది వైద్య విద్యార్థి చూడాలి. భూమి ఎవరి పేరున ఉంది, సంతకం ఎవరు చేశారు, డబ్బులో ఆడపిల్లకు ఏం దక్కింది అన్న ప్రశ్నలు అందరూ అడగాలి. ఇదంతా ఎప్పుడు, ఎక్కడ జరిగిందో చూపే సాక్ష్యం కూడా మన దగ్గరే ఉంది. 1979 నుంచి ఉపగ్రహ చిత్రాలను అందుకుంటున్న జాతీయ దూర సంవేదన కేంద్రం వారి భూకేంద్రం షాద్‌నగర్‌లోనే ఉంది. దేశంలో ఏ చేను ఎప్పుడు ప్లాటుగా మారిందో పైనుంచి చూడగలిగిన ఊరిది. ఆ చేను గలాయన ఇప్పుడేం చేస్తున్నాడో కింద నుంచి కూడా చూడాలి.

విద్యార్థులకు పరిశోధన చేసే శిక్షణ ఎక్కడిది, వాళ్ల లెక్కలు నమ్మదగినవా అని పెద్దలు సందేహిస్తారు. సందేహం సబబే. పద్దెనిమిదేళ్ల పిల్లలను ఒక రోజు శిబిరానికి పంపి ఫారాలు నింపించడం పరిశోధన కాదు. శామీర్‌పేటలో అధ్యాపకులు వెంట ఉన్నారు, పథకానికి ఒక బాధ్యుడు ఉన్నాడు, ఒకే ఊరి మీద నిలిచి పని చేశారు. ఆ మూడూ ఉంటే విద్యార్థి లెక్క నిలుస్తుంది. లేకపోతే ప్రొఫెసర్ లెక్క కూడా నిలవదు. ఇంకో అభ్యంతరం ఊరి వైపు నుంచి వస్తుంది, దానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఎందరు వచ్చి ఎన్నిసార్లు రాసుకుపోయినా మాకేం ఒరిగిందని జనం అడుగుతారు. భూమి వివరాలు అడిగితే అనుమానిస్తారు కూడా, ఈ చుట్టుపక్కల భూమి గురించి అడిగేవాళ్లలో సగం మంది మధ్యవర్తులే కదా. కలిసి వెళ్లమనడానికి అసలు కారణం కూడా ఇదే. నాలుగు బృందాలు నాలుగుసార్లు తలుపు తట్టే బదులు ఒక బృందం ఒకసారి కూర్చుంటే ఇంటివాళ్ల పొద్దు మిగులుతుంది. బృందంలో డాక్టర్ చదువు చదివేవారు, పశువుల వైద్యం తెలిసినవారు, పాస్‌బుక్‌లో తప్పు ఎక్కడుందో చెప్పగలవారు ఉంటే వచ్చిన రోజే ఆ ఇంటికి కొంత సాయం అందుతుంది. ఉస్మానియా ఆ పథకానికి పెట్టిన పేరులోనే సేవ ఉంది. పరీక్షలు, సెమిస్టర్లు ఒక్కో విశ్వవిద్యాలయానికి ఒక్కోలా ఉంటాయి, మార్కులు ఎవరిస్తారు అన్న చిక్కు మూడోది. అది కష్టమే గాని అసాధ్యం కాదు. గ్రామాల్లో గడపాల్సిన నెలలు వ్యవసాయ, వైద్య విద్యార్థుల పాఠ్యప్రణాళికలో ఇప్పటికే ఉన్నాయి. కొత్తగా రాయవలసింది ఒక్క ఒప్పంద పత్రమే.

ఆ పత్రం షాద్‌నగర్‌లో రాయడానికి అనువైన పరిస్థితి ఉంది. ఇక్కడ ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది, నందిగామ మండలంలో సింబయాసిస్ న్యాయ కళాశాల ఉంది, హైవే మీద నగరం వైపు వెళితే రాజేంద్రనగర్‌లో వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాలు, జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ ఉన్నాయి. ఈ చివరి సంస్థ మూలాలు 1958లో ముస్సోరీలో పెట్టిన సమాజ వికాస అధ్యయన కేంద్రంలో ఉన్నాయి. దూబే ఉస్మానియా తర్వాత అక్కడ పరిశోధన విభాగానికి సంచాలకుడిగా పని చేశారు. ఆయన ఆలోచన ఇల్లు మారి మన దారిలోకే వచ్చిందన్నమాట. మొదటి ఏడాది రెండు ఊళ్లు చాలు, ఒకటి భూములు అమ్ముడైపోయిన ఊరు, ఒకటి ఇంకా సేద్యం మీదే ఉన్న ఊరు. ఇంటికి ఒకే పత్రం, దాన్ని నింపేది కనీసం మూడు వృత్తుల విద్యార్థులు. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్ మొదటి రోజు నుంచే బృందంలో సభ్యులు, ఎందుకంటే ఏ ఇంటి తలుపు ఏ వేళకు తెరుచుకుంటుందో వాళ్లకే తెలుసు. ఏడాది చివర నివేదిక తెలుగులో ఉండాలి, గ్రామసభలో చదివి వినిపించాలి, తప్పులుంటే ఊరివాళ్లు దిద్దాలి, పని చేసిన ప్రతి విద్యార్థి పేరూ అట్ట లోపలి పేజీలో అచ్చు వేయాలి. ఒక ప్రతి కళాశాల గ్రంథాలయంలో, ఒక ప్రతి పంచాయతీ కార్యాలయంలో ఉండాలి. అయిదేళ్ల తర్వాత మరో తరం విద్యార్థులు అదే పత్రం పట్టుకుని అవే ఇళ్లకు వెళ్లాలి.