ఒడ్డుకు చేర్చినవారు

గోపాలపూర్‌లోనో, పూరీలోనో మన జాలరులు కెరటాలు దాటడం చూసినవారికి చెప్పనక్కరలేదు. నడిసముద్రంలో కంటే అల విరిగేచోట పడవను నిలుపుకోవడం కష్టం. పడవ అలకు అడ్డం తిరిగిందా, అంతే సంగతులు. రెండో ప్రపంచయుద్ధంలో అటువంటి చోటికి, అదీ ఎదురుగా ఫిరంగులు పేలుతుండగా, సైనికులను చేర్చిన కెనడా నావికుల సంగతి ఈవేళ చెప్పుకుందాం.

వీరిలో చాలామంది యుద్ధకాలంలో స్వచ్ఛందంగా చేరిన కుర్రవాళ్లు. సముద్రానికి వందల మైళ్ల దూరాన గోధుమ పొలాల మధ్య పెరిగినవారూ ఉన్నారు. ఇక ఆ పడవ చూడండి. ఎల్.సి.ఎ. అనేవారు. సుమారు 40 అడుగుల పొడవు, చెక్కతో కట్టి ఉక్కురేకులు తొడిగినది. 35 మంది దాకా సైనికులు, నడపడానికి నలుగురు. అడుగు చదునుగా ఉండటం వల్ల మోకాటిలోతు నీటిదాకా పోయేది. ముందుభాగం తలుపులా కిందికి వాలగానే సైనికులు దిగి పరుగెత్తేవారు. సైనికుడి సముద్రయానం అక్కడితో సరి. నావికుడికి మాత్రం అది సగమే. పడవను వెనక్కి లాగి, ఓడ దగ్గరికి పోయి, మళ్లీ నింపుకొని అదే ఒడ్డుకు రావాలి.

1942 ఆగస్టు 19న ఫ్రాన్సులోని డియెప్‌పై దాడి జరిగినప్పుడు బ్రిటిష్ పడవలలో కొద్దిమంది కెనడా నావికులున్నారు. దాడికి వెళ్లిన సుమారు 5,000 మంది కెనడా సైనికులలో 900 మందికి పైగా మరణించారు. దించిన పడవలే, మిగిలినవారిని తెచ్చుకోవడానికి ఆ గుళ్లవర్షంలోకి తిరిగి వెళ్లాయి.

మరుసటి ఏడు, 1943 జూలై 10న, సిసిలీ దండయాత్రకు కెనడా వారివే నాలుగు పడవల దళాలు వెళ్లాయి. వింతేమిటంటే, కెనడా పటాలాలు అదే ద్వీపంలో మరొకచోట దిగుతుంటే, ఈ నావికులు బ్రిటిష్ పటాలాలను దించుతున్నారు! పెద్ద పడవలున్న రెండు దళాలైతే ఆ తర్వాత కూడా వారాల తరబడి లారీలూ, పెట్రోలూ, మందుగుండూ మోస్తూనే ఉన్నాయి. విమానాలు బాంబులు వేస్తున్నా మోత ఆగలేదు. చరిత్ర గ్రంథాలు తొలిరోజు గురించి రాసినంతగా ఈ చాకిరీ గురించి రాయవు. నాకది అన్యాయమనిపిస్తుంది. మందుగుండు అందకపోతే ఒడ్డెక్కిన పటాలం ఎన్నాళ్లు నిలుస్తుంది, మీరే చెప్పండి.

సొంతవారిని దించే అవకాశం 1944 జూన్ 6న నార్మండీలో దక్కింది. ప్రిన్స్ హెన్రీ, ప్రిన్స్ డేవిడ్ అనే రెండు ఓడలు కెనడా పటాలాలను తెచ్చాయి. యుద్ధానికి ముందు అవి ప్రయాణికుల ఓడలు. జర్మన్లు నీటిలో అడ్డంకులు పాతి, వాటికి మందుపాతరలు కట్టారు. వాటికి తగిలి ప్రిన్స్ డేవిడ్ పడవలు చాలావరకు పగిలిపోయాయి. పడవ పోయిన నావికులు ఒడ్డున చిక్కుకొని, వేరే పడవలెక్కి ఓడకు చేరుకున్నారు.

ఆ ప్రిన్స్ డేవిడే 1944 అక్టోబరులో ప్రవాసంలో ఉన్న గ్రీసు ప్రధాని పపాండ్రేయూను, ఆయన మంత్రులను ఇటలీ నుంచి ఎక్కించుకొని వారి సొంత తీరానికి తీసుకుపోయింది.