గ్రీకు అక్షరాల ఇళ్లు

1776 డిసెంబరు 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీ కుర్రాళ్లు కొందరు ఫై బీటా కప్పా అనే సంఘం పెట్టుకున్నారు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వెలువడి అప్పటికి ఐదు నెలలు. సంఘానికి గ్రీకు అక్షరాల పేరు, ఒక ప్రమాణం, సభ్యులకు మాత్రమే తెలిసిన కరచాలనం. తలుపులు మూసుకుని వాళ్లు చేసింది సాహిత్య చర్చ, వాదోపవాదాలు. పాఠాల వల్లెవేత తప్ప సొంత మాటకు చోటు దొరకని నాటి కాలేజీలో ఆ గది వాళ్లకు ఊపిరి. 1831లో ఆ సంఘం రహస్యాన్ని వదిలి, ప్రతిభకిచ్చే గౌరవంగా మారిపోయింది. ఆ గుట్టునూ గ్రీకు అక్షరాలనూ అప్పటికే వేరేవాళ్లు అందుకున్నారు.

న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో 1825లో కప్పా ఆల్ఫా, రెండేళ్లకు సిగ్మా ఫై, డెల్టా ఫై పుట్టాయి. ఫ్రాటర్నిటీలనే ఈ సోదర సంఘాలు అధ్యాపకులకు మొదటినుంచీ కంటగింపే. మిచిగన్ యూనివర్సిటీలో 1840ల్లో కై సై సభ్యులు అడవిలో దుంగలతో ఇల్లు కట్టుకుని కలుసుకునేవారు. 1849 చివర్లో అధ్యాపకులు ఫ్రాటర్నిటీ సభ్యుల్ని కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. నిషేధం నిలవలేదు. మిసిసిపీ రాష్ట్రం 1912లో ఏకంగా చట్టమే చేసింది; 1915లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 1926లో ఆ రాష్ట్రమే చట్టాన్ని రద్దు చేసుకుంది.

ఈ నిషేధాలు ఎందుకు ఓడిపోయాయో తెలియాలంటే కాలేజీల నడత చూడాలి. మిచిగన్ అధ్యక్షుడు హెన్రీ టాపన్ 1850ల్లో హాస్టళ్లు మూసి తరగతి గదులు చేశారు. చదువు చెప్పడమే యూనివర్సిటీ పని, పిల్లలు ఎక్కడ తిని ఎక్కడ పడుకుంటారో దానికి సంబంధం లేదన్నది ఆ ఆలోచన. ఇల్లు విడిచి వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి కంచం, మంచం, పలకరించే మనిషి కావాలి. కాలేజీ ఇవ్వలేదు, ఫ్రాటర్నిటీ ఇచ్చింది. పూర్వ విద్యార్థుల డబ్బుతో భవనాలు లేచాయి. కార్నెల్ తొలి అధ్యక్షుడు ఆండ్రూ వైట్ వంటివాళ్లు వాటిని మనస్ఫూర్తిగా ఆదరించారు. ఆ కార్నెల్‌లోనే, యూనివర్సిటీ తెరిచిన ఐదేళ్లకు, 1873లో, సభ్యత్వ దీక్ష పేరిట రాత్రివేళ తీసుకెళ్లిన ఒక విద్యార్థి లోయలో పడి చనిపోయాడు. ఆ హెచ్చరికను చెవినబెట్టినవాళ్లు తక్కువ.

ఆ ఇళ్ల తలుపులు అందరికీ తెరుచుకోలేదు కూడా. తెల్లజాతి క్రైస్తవులకే సభ్యత్వమని చాలా సంఘాలు తమ నిబంధనల్లోనే రాసుకున్నాయి. యూదు విద్యార్థులు 1898లో సొంతంగా జీటా బీటా టౌకు పునాది వేసుకున్నారు. నల్లజాతి విద్యార్థులు 1906లో కార్నెల్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫా స్థాపించారు. మార్టిన్ లూథర్ కింగ్ అందులో సభ్యుడు. వెలి బతుకుల మధ్య ఆ సోదరత్వం ఎంత ఆసరా ఇచ్చిందో తలచుకుంటే, అన్ని ఫ్రాటర్నిటీలనూ ఒకే గాటన కట్టడానికి నాకు మనసొప్పదు. దక్షిణాసియా మూలాలున్న విద్యార్థులు 1996లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో సిగ్మా బీటా రో పెట్టుకున్నదీ తోడు కోసమే. కానీ ఆ తోడు దొరికే చోటు ఏర్పరచాల్సింది ఫీజు తీసుకున్న కాలేజీ. ఎవరిని రానివ్వాలో, ఎవరిని గెంటాలో లోపలివాళ్లే తేల్చుకునే గుంపుకు ఆ పని అప్పగిస్తే ఏమవుతుందో అమ్‌హర్స్ట్ కాలేజీలో కనబడింది. 1948లో అక్కడి ఫై కప్పా సై శాఖ ఒక నల్లజాతి విద్యార్థిని చేర్చుకుంటే, జాతీయ సంఘం ఆ శాఖనే సస్పెండ్ చేసింది.

ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మసాచుసెట్స్‌లోని విలియమ్స్ కాలేజీ. 1960ల మొదట్లో అక్కడ పై తరగతుల విద్యార్థుల్లో ఎక్కువమంది భోజనం ఫ్రాటర్నిటీ ఇళ్లలోనే. 1962లో, జాన్ సాయర్ అధ్యక్షుడిగా ఉండగా, ట్రస్టీలు ఒక నిర్ణయానికి వచ్చారు: విద్యార్థుల వసతి, భోజనం, కలివిడి జీవితం ఇకపై కాలేజీ బాధ్యత. పూర్వ విద్యార్థులు మండిపడ్డారు. కాలేజీ వెనక్కి తగ్గలేదు. ఆ దశాబ్దంలో ఆ ఇళ్లు ఒకటొకటిగా అందరి హాస్టళ్లయ్యాయి. మిసిసిపీ చట్టం ఇళ్లను మూసింది. విలియమ్స్ వాటి బదులు మెరుగైన ఇల్లు ఇచ్చింది. ఆ తేడా వల్లే ఒకటి వీగిపోయి, మరొకటి నిలిచింది. 1984లో అమ్‌హర్స్ట్, కోల్బీ, 1990ల చివర్లో బౌడిన్ కాలేజీ అదే బాట పట్టాయి.

పెద్ద యూనివర్సిటీలు ఆ సాహసం చేయలేదు. 1984లో ఫెడరల్ చట్టం రాష్ట్రాలన్నిటినీ మద్యం వయసు 21కి పెంచేలా చేసింది. దాంతో హాస్టళ్లలో అదుపు బిగిసింది, తాగుడు ఫ్రాటర్నిటీ ఇళ్ల గోడల వెనక్కి చేరింది. 2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ యూనివర్సిటీలో బీటా థీటా పై ఇంట్లో కొత్తగా చేరిన 19 ఏళ్ల విద్యార్థికి అదేపనిగా తాగించారు. అతను మెట్ల మీద నుంచి పడ్డాడు. గంటల తరబడి ఎవరూ అంబులెన్సుకు ఫోన్ చేయలేదు. ప్రాణం దక్కలేదు.

ర్యాగింగ్ మనం ఎరుగని బాధ కాదు. ఆంధ్రప్రదేశ్ 1997లోనే దానిపై చట్టం చేసింది. మన దగ్గర జూనియర్‌కు తప్పించుకునే దారి ఉండేది కాదు. అక్కడ పిల్లవాడు తానే కోరి వెళతాడు, అందుకే అతని మౌనాన్ని ఒప్పుకోలుగా చూపిస్తారు. ఒంటరితనానికి భయపడి ఒప్పుకున్నది ఒప్పుకోలు కాదు. రహస్య దీక్ష, తాళం వేసిన ఇల్లు, లోపలివాళ్ల ఎంపిక - ఈ మూడూ కలిసున్న సంఘానికి క్యాంపస్‌లో గుర్తింపు ఉండకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం.

2024 డిసెంబరులో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం, ఇలాంటి వేధింపులకు పాల్పడినట్లు తేలిన విద్యార్థి సంఘాల వివరాలను కాలేజీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలి. మన ఊళ్ల నుంచి మాస్టర్స్‌కు వెళ్లే పిల్లలకు ఈ ఇళ్లతో పని తక్కువ. డల్లాస్‌లో, న్యూజెర్సీలో పుట్టి పెరిగి అక్కడే డిగ్రీలో చేరుతున్న తెలుగు పిల్లలకు మాత్రం మొదటి సెమిస్టర్ నుంచే పిలుపులు వస్తాయి. అడ్మిషన్ ఖాయం చేసుకునే ముందు వాళ్ల అమ్మానాన్నలు ర్యాంకులతో పాటు ఆ జాబితా కూడా చదవాలి. మొదటి ఏడాది తర్వాత హాస్టల్ గది ఇస్తారో లేదో కాలేజీని నిలదీసి అడగాలి.