మన్యం ఘాట్ రోడ్లపై హెడ్‌లైటు: కాగడా నుంచి ఎల్ఈడీ దాకా

విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా వచ్చే రోడ్డు అనంతగిరి కొండలెక్కి, సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున్న అరకు లోయకు చేరుతుంది. ఒక పక్క కొండ, మరో పక్క లోయ, మధ్యలో వరుస మలుపులు. మన్యంలోని ఇలాంటి దారుల్లో రాత్రి ప్రయాణం ఎప్పుడూ చేతనున్న దీపాన్ని బట్టే సాగింది.

మోటారు రాకముందు చీకటి పడితే కాగడాయే దిక్కు. రోడ్లు సైతం గిరిజనుల చెమటతోనే పడ్డాయి. నర్సీపట్నం, చింతపల్లి ప్రాంతంలో చాలీచాలని కూలికి రోడ్డు పని చేయించడం 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన జరిగిన తిరుగుబాటుకు ఒక కారణం.

తొలి మోటారు కార్లకు కార్బైడు, నీళ్లు కలిస్తే పుట్టే ఎసిటిలీన్ వాయువుతో వెలిగే దీపాలుండేవి. 1912లో కాడిలాక్ కంపెనీ విద్యుత్ స్టార్టరుతో పాటు విద్యుత్ దీపాలనూ కార్లలో అమర్చింది. ఒకే బల్బులో హైబీమ్‌కొకటి, లోబీమ్‌కొకటి చొప్పున రెండు ఫిలమెంట్లు 1920ల్లో వచ్చాయి. ఎదుటి బండికి డిప్పర్ కొట్టే మర్యాద దాంతో సులువైంది.

అయినా ఆ బల్బుల వెలుతురు తక్కువే. టంగ్‌స్టన్ ఆవిరై గాజు లోపల నల్లగా పేరుకునేది. డైనమో ఉన్న పాత బండ్లలో ఇంజను వేగం తగ్గితే లైటు మసకబారేది. 1962లో యూరప్‌లో వచ్చిన హాలోజన్ బల్బు గాజు నల్లబడే లోపాన్ని తీర్చింది. అందులోని వాయువు, ఆవిరైన టంగ్‌స్టన్‌ను తిరిగి ఫిలమెంటు మీదికే చేరుస్తుంది. 1971 నాటి హెచ్4 బల్బు రెండు బీములనూ హాలోజన్‌లోనే ఇచ్చింది. హైబీమ్‌కు 60, లోబీమ్‌కు 55 వాట్ల ఈ బల్బే తరవాత మన కార్లు, జీపుల్లో మామూలైంది.

ఇంకా వెలుతురు కావాలన్న ఆశతో 100/90 వాట్ల బల్బుల వాడకం మొదలైంది. 12 వోల్టుల బండిలో 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు లాగితే, 100 వాట్లది 8 ఆంపియర్లకు పైగా లాగుతుంది. కంపెనీ వైరింగ్ వేడెక్కేది, హోల్డరు కరిగేది. బ్యాటరీ నుంచి విడిగా రిలే, లావు వైరు వేస్తే వైరింగ్ నిలిచేది గానీ, ఎదుటి డ్రైవరు కళ్లు చెదిరే బాధ తప్పేది కాదు.

1991లో జినాన్, 2007లో ఎల్ఈడీ హెడ్‌లైట్లు ఖరీదైన కార్లలో మొదలయ్యాయి. వాటికి తగిన రిఫ్లెక్టరు, లెన్సు కంపెనీయే రూపొందించింది. హాలోజన్ డూమ్‌లో (హెడ్‌లైటు గూడులో) ఎల్ఈడీ బల్బు దూరిస్తే ఆ పొందిక పోతుంది. వెలుగు పుట్టే చోటు కొద్దిగా జరిగినా కిరణాలు చెదిరిపోతాయి. దగ్గర నేల మెరుస్తుంది, దూరం చీకటిగా మిగులుతుంది.

ఘాట్‌లో వెలుగు ఎక్కడ పడుతుందన్నది మరీ కీలకం. హెడ్‌లైటు బండి ముక్కు ఎటుంటే అటే చూస్తుంది, కాబట్టి మలుపు దగ్గర కాంతి లోయలోకి పోతుంది. అక్కడ దూరపు ఫోకస్ కన్నా పక్కలకు పరుచుకునే వెలుగే రోడ్డు అంచును చూపుతుంది. శీతాకాలంలో లంబసింగి, పాడేరు, అరకు దారులను పొగమంచు కమ్ముతుంది. అప్పుడు హైబీమ్ వేస్తే మంచు బిందువులు కాంతిని డ్రైవరు కళ్లలోకే తిప్పికొట్టి ఎదుట తెల్లగోడ నిలబెడతాయి. కింద అమర్చిన ఫాగ్ ల్యాంపులు, లోబీమ్ అక్కడ పనికొస్తాయి.

బండి లైట్లలో సొంత మార్పులను చట్టమూ ఒప్పుకోదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం అనుమతిలేని మార్పులు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

ఈ నూరేళ్ల అనుభవం చెప్పేది ఒకటే: ఎంత వెలుతురు అన్నదాని కన్నా అది ఎక్కడ పడుతోంది అన్నదే ముఖ్యం. ఘాట్ ఎక్కే ముందు పసుపెక్కిన డూమ్ మెరుగు పెట్టించాలి. ఆమోదం పొందిన 60/55 వాట్ల నాణ్యమైన బల్బులు రెండు వైపులా ఒకేసారి, గాజును వేలితో తాకకుండా మార్పించాలి. ఆపై ఫోకస్ సరిచేయించాలి. మంచి లైటంటే తన దారి చూపుతూ, ఎదుటివారి దారి చెడగొట్టనిదే.