పాఠం ఫ్రీ అయినంత మాత్రాన చదువు వచ్చేసినట్టేనా?



మాది పులివెందుల పక్క తండా. ప్రొద్దుటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు. మొన్న జమ్మలమడుగు ఫ్రెండ్ ఒకడు, "ఐఐటీ సార్ల పాఠాలు ఫోన్లో ఫ్రీగా వస్తాయంట, నిజమేనా?" అని అడిగినాడు. నిజమే. కానీ దాని వెనక పెద్ద కథే ఉంది.

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, 1982లో. ఇప్పుడు దానికి అంబేద్కర్ గారి పేరు ఉంది. కాలేజీకి పొయ్యే వీలు లేనోళ్లు పనికి పోతూనే, తెలుగు పుస్తకాలు చదివి డిగ్రీ తెచ్చుకున్నారు.

2001లో అమెరికాలోని ఎంఐటీ తన పాఠాలు ప్రపంచమంతటికీ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడతామని ప్రకటించింది. మన దేశంలో 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి కేంద్రం డబ్బుతో ఎన్‌పీటెల్ మొదలుపెట్టినాయి. మొదట్లో పాఠాలు మాత్రమే. 2014 నుంచి పరీక్ష, సర్టిఫికెట్ కూడా వచ్చినాయి. 2017లో 'స్వయం' వచ్చింది.

మన జిల్లాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. 2008లో మొదలైన ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ. పదో తరగతి మార్కులు చూసి పల్లె పిల్లల్ని తీసుకున్నారు. వీడియో పాఠాలు పెట్టినారు. కానీ వీడియో ఒక్కటే ఇయ్యలేదు. ల్యాప్‌టాప్, హాస్టల్, భోజనం, పక్కన అడగడానికి సార్లు, అన్నీ ఇచ్చినారు. నాకు అర్థమైంది ఇదే: పాఠం ఫ్రీ అయితే చాలదు, దాని చుట్టూ ఇవన్నీ ఉండాల.

నేను ఒక కోర్సులో చేరి మూడో వారానికే ఆపేసినా. ఇంగ్లీష్ అర్థం కాలేదు, డేటా చాల్లేదు. తర్వాత రూంలో నలుగురం ఒకే ఫోన్ పెట్టుకుని, స్పీడు తగ్గించి, ఆపి ఆపి విన్నాం. అప్పుడు ఎక్కింది. పాఠం వినడానికి రూపాయి కట్టక్కర్లేదు, పరీక్షకే ఫీజు. అందులో ఎస్టీలకు రాయితీ ఉందని నాకు తెలిసేసరికి గడువు దాటిపోయింది. పాఠాలన్నీ విన్నా, సర్టిఫికెట్ రాలేదు.

మీకు అట్ల జరగకూడదనే ఇది రాస్తున్నా. కుల ధ్రువపత్రం ముందే స్కాన్ చేసి పెట్టుకోండి. ఒక్కరే చేరొద్దు, నలుగురు కలిసి చేరండి. ఈసారి నేనూ చేరుతున్నా, పరీక్ష కూడా రాస్తా. ఎవరు వస్తారో కింద చెప్పండి.