వంటింటి విద్యకు వ్రాత

మన ఇండ్లలో వంట చాలాకాలము నోటి విద్యగానే సాగినది. అత్త చెప్పవలెను, కోడలు చూచి నేర్వవలెను. పిడికెడు, చిటికెడు, చేరెడు - ఇవే కొలతలు. ఉద్యోగాల నిమిత్తం దంపతులు పట్టణాలలో వేరు కాపురాలు పెట్టిన పిదప ఈ పాఠానికి ఆటంకం కలిగినది. పక్కన నిలిచి చెప్పే పెద్దదిక్కు లేని ఇల్లాలికి పుస్తకమే ఆ దిక్కు కావలసి వచ్చినది.

తెలుగునాట ఆ కొరత తీర్చిన వారిలో శ్రీమతి మాలతీ చందూర్ ప్రముఖులు. ఆమె కృష్ణామండలంలోని నూజివీడులో జన్మించి మద్రాసులో స్థిరపడినారు. ఆంధ్రప్రభ వారపత్రికలో “ప్రమదావనం” శీర్షికను నలుబది ఏండ్లకు పైగా నడిపినారు. ఆమె వ్రాసిన “వంటలు - పిండివంటలు” సుమారు 30 ముద్రణలు పొందినది. “హృదయనేత్రి” నవలకు 1992లో సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. నవల వ్రాసిన కలమే ఉప్పుపులుసుల పాళ్ళనూ వ్రాసినది. 2013లో ఆమె చెన్నైలో కన్నుమూసినారు.

ఇక తుంగభద్ర ఒడ్డుకు వత్తము. శ్రీ రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసిన మంత్రాలయం నేడు కర్నూలు జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడువరకు ఈ ఆదోని ప్రాంతం బళ్ళారి జిల్లాలో ఉండెను. వాన తక్కువ, జొన్న, కొఱ్ఱ ఎక్కువ. ఇక్కడి వంటకు పొలమే గురువు. జొన్నపిండిని వేడినీటితో మర్దించి, అరచేతితో తట్టి, పెనముపై వేసి, తడిగుడ్డతో అద్ది కాల్చిన రొట్టెకు చుక్క నూనె అక్కరలేదు. సంగటిలో ఉండ కట్టకుండ తెడ్డు తిప్పుట మాటలతో వచ్చే పని కాదు. నానిన బొరుగులకు తాళింపు పెట్టి, పుట్నాల పొడి చల్లిన ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ - ఇది సీమ ఫలహారము.

ఈ సీమ తిండిని గూర్చి కొలతలతో వ్రాసిన పాత కాగితాలు వెదకితే, కరువు రికార్డులు ఎదురగును. 1876-78 మహాక్షామంలో కూలికి వచ్చిన మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యము, కొద్దిపాటి డబ్బు చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. ఒక పౌను అనగా సుమారు 450 గ్రాములు. అది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ వాదించెను. ఆ కొలత ఆకలికి వేసినది, రుచికి కాదు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినది. పేదయింట వరియన్నం సులభమగుట మేలే. కాని జొన్నరొట్టె తట్టు చేతులు క్రమంగా తగ్గినవి. 2023వ సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల వత్సరంగా జరిపినది. ధాన్యం తిరిగి అంగడికి వచ్చినను, దానిని వండు నేర్పు అంగడిలో దొరకదు.

కావున శ్రోతలకు ఒక మనవి. మీ ఇంట సంగటి కెలికే అవ్వ ఉన్నచో, ఆమె పిడికెడును ఒకసారి తూచి, నీటిని కొలిచి, ఆమె మాటలలోనే వ్రాసి ఉంచుడు. కరువు లెక్కల పక్కన కడుపు నిండిన లెక్క కూడ ఒకటి ఉండవలెను.