సూదీ, లంకభూమీ: కోనసీమ దళిత స్త్రీలూ అభివృద్ధి పథకాల చరిత్రా

కోనసీమ అనగానే కొబ్బరితోటలూ, కాలవలూ, అగ్రహారాలూ, వేదపండితులూ గుర్తుకొచ్చేటట్టు మన పాఠ్యపుస్తకాలూ సినిమాలూ చేశాయి. ఆ కొబ్బరికాయని దింపిందెవరు, డొక్క ఒలిచిందెవరు, కాలవ తవ్విందెవరు, మడిలో నాటు వేసిందెవరు అనే ప్రశ్న ఆ వర్ణనల్లో ఎక్కడా కనబడదు. 2022 ఏప్రిల్‌లో అమలాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. దానికి డాక్టర్ అంబేద్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. పేరు నిలిచింది. ఐతే ఆ పేరుని ఓర్చుకోలేని కోపం ఒక్కరోజులో పుట్టింది కాదు. భూమి ఎవరిది, పని ఎవరిది, ఆ పనికి పేరెవరు పెడతారు అనే పాత తగాదాలోంచి పుట్టింది. ఆ తగాదాని గ్రామీణాభివృద్ధి పథకాల వైపు నుంచి, ముఖ్యంగా దళిత స్త్రీల వైపు నుంచి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

లేసు ఎవరి చేతుల్లో మొదలైంది?

రాజోలు తాలూకా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే వశిష్ఠ గోదావరి ఆవలి ఒడ్డున నర్సాపురం. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నర్సాపురం, పాలకొల్లు కేంద్రాలుగా మిషన్ నడిపాయి. అది తర్వాత గోదావరి డెల్టా మిషన్‌గా పేరుపడింది. ఆ మిషన్‌లో చేరినవాళ్ళలో మాల మాదిగలే ఎక్కువ. 1840ల్లో స్కాట్లాండు నుంచి వచ్చిన మక్రే దంపతులు ఈ ప్రాంతపు ఆడవాళ్ళకి క్రోషా సూదితో లేసు అల్లడం నేర్పారని సాధారణంగా చెప్పుకుంటారు. దీన్ని ఈనాటి మాటల్లో చెప్పాలంటే దళిత స్త్రీల కోసం డెల్టాలో మొదలైన తొలి "స్వయం ఉపాధి పథకం" అనొచ్చు. మతం మారినందుకు కూలి పోగొట్టుకున్న కుటుంబాలకి అది నాలుగు డబ్బులు తెచ్చిపెట్టే పని.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. దళితులకి చేతిపని తెలీకపోతే దొరలొచ్చి నేర్పారన్నట్టు కథ నడుస్తుంది. అది నిజం కాదు. మాలలు ముతక బట్ట నేసేవాళ్ళని బ్రిటిష్ రికార్డులు రాశాయి. 1909లో థర్‌స్టన్ అచ్చేసిన కులాల సంపుటాలూ రాశాయి. మాదిగల తోలుపని లేకపోతే మోట లేదు, చెప్పు లేదు, డప్పు లేదు. మిల్లుబట్ట వచ్చి ముతకనేతని దెబ్బకొట్టింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా వరిచేలయింది. చేలకి చేతులు కావాలి. నేతగాడూ తోలుపనివాడూ పాలేర్లయ్యారు, వాళ్ళ ఆడవాళ్ళు నాట్లకీ కోతలకీ కూలీలయ్యారు. ఆ తర్వాత చేతివృత్తుల జాబితాలు తయారుచేసినవాళ్ళకి వీళ్ళు "నైపుణ్యం లేని కూలీలు"గానే కనపడ్డారు. బండారులంక చీరె పేరు అందరికీ తెలుసు, తెలియాల్సిందే. మాలపేట మగ్గం సంగతి మాత్రం మాలపేటలోనే చాలామంది మర్చిపోయారు.

గడపలోపలి పని

లేసుకి విదేశాల్లో గిరాకీ పెరిగాక, ఇరవయ్యో శతాబ్దంలో, ఆ పని మిషన్ ఆవరణ దాటి వ్యాపారుల చేతుల్లోకి పోయింది. వ్యాపారి ఏజెంటుకి దారమిస్తాడు, ఏజెంటు ఇంటింటికీ ఇస్తాడు. ఒకరు విడిపూలు అల్లుతారు, ఇంకొకరు అతుకుతారు. ముక్కకింత అని కూలి. ఆ సరుకు ఏ దేశం పోతుందో, ఏ ధరకి అమ్ముడవుతుందో అల్లిన మనిషికి తెలీదు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో నర్సాపురం ప్రాంతంలో చేసిన పరిశోధన 1982లో పుస్తకంగా వచ్చింది. అందులో మన చదువరులు పట్టించుకోవాల్సిన అంశాలు రెండున్నాయి. రోజంతా లేసు అల్లే స్త్రీని కార్మికురాలిగా ఎవరూ లెక్కవెయ్యలేదన్నది మొదటిది. "ఇంట్లో కూర్చుని ఖాళీ టైములో చేసే పని" అన్నారు. అంచేత కనీస వేతనం లేదు, యూనియన్ లేదు, సెన్సస్ లెక్కల్లో చోటు లేదు. ఆమెని గృహిణి అని పిలవడమే ఆమె కూలి తగ్గించడానికి సాధనమైంది.

రెండోది కులం. క్రైస్తవ దళిత స్త్రీలతో మొదలైన ఈ పనిలో మీస్ వెళ్ళేనాటికి ఎక్కువమంది పేద కాపు స్త్రీలున్నారు. పొలానికి వెళ్ళి కూలిచెయ్యడం వాళ్ళ కుటుంబాలకి పరువు తక్కువ. గడప దాటకుండా చేసే లేసు ఆ పరువు నిలబెట్టింది. దళిత స్త్రీలు ఎక్కువగా పొలంపనుల్లో ఉండిపోయారు. ఐతే పొలంలో పదిమందితో కలిసి పనిచేసే దళిత స్త్రీ కూలి అడగ్గలిగింది, బేరమాడగలిగింది. ఇంట్లో ఒంటరిగా అల్లుకునే స్త్రీకి ఆ పాటి కూడా దక్కలేదు. "పరువు" ఎంత ఖరీదైందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇది కాపు స్త్రీని నిందించడానికి చెప్పటం లేదు. ఆమెని గడపలోపలా, దళిత స్త్రీని గట్టు మీదా ఉంచిన పద్ధతి ఒక్కటే. దానివల్ల ఇద్దరూ నష్టపోయారు. కలవాల్సిన ఇద్దరు శ్రామిక స్త్రీలు కలవకుండా పోయారు.

2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల్లోని 19 మండలాల్లో సుమారు 15 వేలమంది స్త్రీలు ఈ పనిలో ఉన్నారని అప్పుడు పత్రికలు రాశాయి. రాజోలు, అమలాపురం ప్రాంతాల పేర్లూ అందులో ఉన్నాయి. సంతోషించాల్సిందే. ఐతే ఊరి పేరుకి రక్షణ దొరికినంత మాత్రాన అల్లినామె కూలికి రక్షణ దొరికినట్టు కాదు. ఈ పని మొదట అందుకున్న చేతులెవరివో ఎన్ని కరపత్రాల్లో రాస్తారో కూడా చూడాలి.

నది ఇచ్చిన భూమి, నది తీసుకున్న భూమి

ఇక భూమి సంగతి. మెరకతోటలూ పల్లపు చేలూ ఆసాములవి. దళితుడి పేరు రికార్డులో కనబడేది ఎక్కువగా పోరంబోకు గట్టున, కాలవ ఒడ్డున, లంకల్లో. మద్రాసు ప్రభుత్వకాలంలో లేబర్ శాఖ ఏర్పడ్డాక ఇళ్ళస్థలాలూ బంజర్లూ కొంత ఇచ్చారు. కృష్ణా గోదావరి డెల్టాల్లో లంకభూముల్ని దళితుల సహకార సంఘాలకి కౌలుకిచ్చే పద్ధతీ నడిచింది. సంఘం పెట్టుకుని శిస్తు కట్టి కూరగాయలో పొగాకో పండించుకున్న కుటుంబాలకి అది కూలికి బయటి బతుకు.

ఐతే లంక నిలకడగా ఉండదు. ప్రభుత్వం లంకల్ని ఏ, బీ, సీ తరగతులుగా విడగొట్టింది. కోతకి లోనయ్యే సీ తరగతిని కౌలుకే ఇస్తుంది. వరదకి గట్టు విరిగితే ఆ భూమి గోదావరి పాలు. అవతలి ఒడ్డున కొత్తగా మేట వేస్తే అది మళ్ళీ ప్రభుత్వానిది. పోగొట్టుకున్నవాడికే దక్కుతుందన్న హామీ లేదు, బలమున్నవాడు ముందు పాక వేస్తాడు.

1977 అసైన్డ్ భూముల చట్టం పేదలకిచ్చిన భూమిని కొనడాన్ని నిషేధించింది. అది మంచి చట్టం. అయినా బాకీ కింద, కౌలు కింద, నోటిమాట మీద భూములు చేతులు మారాయి. పట్టా దళితుడి పెట్టెలో, పంట ఇంకొకరి గాదెలో ఉన్న ఊళ్ళు మనందరికీ తెలుసు. 2023లో ఆ చట్టాన్ని సవరించి ఇరవయ్యేళ్ళు దాటిన అసైన్డ్ భూముల్ని అమ్ముకునే హక్కు ఇచ్చారు. హక్కు ఉండాలన్నది న్యాయమే. కానీ అప్పుల్లో ఉన్నవాడికి అమ్ముకునే హక్కు దొరికితే ఆ భూమి ఎటుపోతుందో ఊహించడం కష్టం కాదు.

గ్రూపులు, రాట్నాలు, అప్పులు

1974లో ఎస్సీ కార్పొరేషన్, 1980 నాటికి దేశమంతటా ఐఆర్‌డీపీ, 1982-83లో దాని అనుబంధంగా డ్వాక్రా వచ్చాయి. 1990ల మొదట్లో సారా వ్యతిరేక పోరాటం తర్వాత మన రాష్ట్రంలో డ్వాక్రా పొదుపు సంఘాలు పల్లెపల్లెకీ పాకాయి. 2000లో ప్రపంచబ్యాంకు అప్పుతో వెలుగు మొదలైంది. దళిత స్త్రీకి బ్యాంకు గుమ్మం ఎక్కే ధైర్యం ఇచ్చినవి ఈ సంఘాలే. పదిమంది కలిసి ఎమ్మార్వోని నిలదీయడం అక్కడ నేర్చుకున్నారు. దాన్ని తక్కువచేసి చూడకూడదు.

కానీ అప్పుతో ఏంచెయ్యాలన్న ప్రశ్న దగ్గర కథ ఆగింది. గేదె కొంటే గడ్డి కావాలి, గడ్డి కొయ్యాలంటే ఆసామి గట్టు మీదికెళ్ళాలి. కొబ్బరిపీచు విషయమూ అంతే. కాయరు బోర్డు 1994లో మహిళా కాయర్ యోజన తెచ్చి, శిక్షణ పొందిన స్త్రీలకి మోటారు రాట్నాలిచ్చింది. పీచు వడకడం మంచి పనే. రాట్నం పెట్టడానికి పాక కావాలి, పీచు ఆరబెట్టడానికి కళ్ళం కావాలి, కరెంటు కావాలి. రెండు సెంట్ల ఇంటిస్థలంలో ఇవేవీ పట్టవు. అంచేత జాగా ఉన్నవాడు యూనిట్ పెడతాడు, దళిత స్త్రీ అతని దగ్గర కూలికి పోతుంది.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంటవిరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేదన్నారు, అది నిజమే. కూలీలు దొరకటం లేదు, ఉపాధి హామీ పనులు ఆపాలి అని కూడా అడిగారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. రైతు నష్టం మీద చర్చ జరిగింది. నాట్లు లేక ఆ సీజనంతా పనిదినాలు పోయిన స్త్రీల నష్టాన్ని ఎవరు లెక్కకట్టారు? విరామం ప్రకటించాలంటే ముందు భూమి ఉండాలి.

చిలీ నుంచి ఒక పోలిక

మన సమస్య మనకే ప్రత్యేకం అనుకోవద్దు. దక్షిణ అమెరికాలో చిలీ దేశపు మపూచే ఆదివాసుల భూముల్ని ఆ ప్రభుత్వం 1861-1883 మధ్య సైన్యంతో ఆక్రమించింది. వాళ్ళకి మిగిల్చింది సుమారు ఐదులక్షల హెక్టార్లు, అదీ ముక్కలుముక్కలుగా. మపూచే స్త్రీలు ఉన్నినేతలో ఆరితేరినవాళ్ళు. వాళ్ళ నేతకి మార్కెట్ చూపించే ప్రాజెక్టులు చాలా వచ్చాయి. ఐతే గొర్రె మెయ్యడానికి నేల లేకపోతే ఉన్ని ఎక్కణ్ణుంచొస్తుంది? వాళ్ళ ఉద్యమం భూమినే అడిగింది. 1993 ఆదివాసీ చట్టంలో భూమికీ నీటికీ ప్రత్యేక నిధి వచ్చింది. అది చాలలేదు, పోరాటం నడుస్తూనే ఉంది. కానీ ఆదివాసుల మనుగడకీ సంస్కృతికీ భూమే ప్రధాన ఆధారమన్న మాట ఆ చట్టంలోకెక్కింది.

మనం చెయ్యాల్సింది

కోనసీమలో ఈ రెంటినీ ఎప్పుడూ విడదీసే ఇచ్చారు. సూది ఇచ్చినప్పుడు భూమి మాట లేదు. లంక ఇచ్చినప్పుడు అది నిలుస్తుందన్న భరోసా లేదు. అప్పు ఇచ్చినప్పుడు పని చేసుకునే జాగా లేదు. దళిత స్త్రీ రైతు అనిగానీ, చేతిపనిమనిషి అనిగానీ ఏ రికార్డూ పూర్తిగా ఒప్పుకోలేదు. లబ్ధిదారు అని మాత్రం రాసుకుంది.

విద్యార్థులూ, టీచర్లూ, కార్యకర్తలూ చెయ్యగలిగిన పని ఒకటుంది. మీ పేటలో పాత అసైన్‌మెంటు పట్టాలు ఎవరి పేరున ఉన్నాయో, ఆ సర్వే నంబర్లు ఇప్పుడెవరు దున్నుతున్నారో రాయండి. పాత లంక సంఘాల సభ్యుల పేర్లు సేకరించండి. మగ్గం, తోలుపని, లేసు, పీచు, వీటిలో ఏ పని ఏ ఇంట్లో ఎప్పటిదాకా ఉందో ముసలమ్మల్ని అడిగి రాసుకోండి. వాళ్ళు పోతే ఆ చరిత్ర వాళ్ళతోనే పోతుంది. జిల్లాకి అంబేద్కర్ పేరుంది. ఆ జిల్లా రికార్డుల్లో ఆయన జనం పేర్లు ఎక్కడున్నాయో వెతకడం మన వంతు.