తిజూకా కొండల మీద తిరిగి వచ్చిన అడవి



కాఫీ తోట వేయడానికి అడవి కొట్టడం మీరు ఎరిగిన సంగతే. తోట పోయిన చోట మళ్లీ అడవి లేచిన సంగతి మాత్రం అరుదు. బ్రెజిల్ దేశంలో, రియో డి జనీరో పట్నాన్ని ఆనుకొని వున్న తిజూకా కొండల మీద అది జరిగింది.

పందొమ్మిదో శతాబ్దం మొదటి భాగంలో అక్కడ కాఫీకి మంచి గిరాకీ. అడవి నరికి, తగలబెట్టి, ఏటవాలు నేలమీద నీడ లేకుండా కాఫీ వేశారు. వానలకు పైమన్ను కొట్టుకుపోయింది. కొన్నేండ్లు కాసి తోటలు డీలాపడ్డాయి. యజమానులు కొత్త నేల వెదుక్కుంటూ లోపలి లోయలకు పోయారు. మరి పట్నం ఎక్కడికి పోతుంది? దాని తాగునీరు ఆ కొండవాగులదే. 1840 దశకపు కరువుల్లో వాగులు సన్నగిల్లి జనం నీళ్లకు కటకటలాడారు. చెట్టుకూ ఊటకూ వున్న చుట్టరికం అప్పటికిగాని ప్రభుత్వానికి తలకెక్కలేదు. ఊటల దగ్గరి తోటలను స్వాధీనం చేసుకుని, 1861లో అడవి పెంచమని ఉత్తరువిచ్చింది.

ఆ పని మేజర్ ఆర్చర్‌కు అప్పగించారు. 1862లో నాటడం మొదలైంది. వాగుల గట్ల నుంచి మొదలుపెట్టాలని ఏర్పాటు. నీళ్లకోసం పెంచే అడవికి అదే తగిన చోటు. నారుకోసం ఆయన దూరం పోలేదు. చాలావరకు చుట్టుపక్కల మిగిలిన అడవులనుంచీ, తన సొంత భూమినుంచీ తెచ్చాడు. పేరు ఆయనకు వచ్చింది. గుంటలు తవ్వినది మాత్రం మొదట ఆరుగురు బానిసలు: ఎలూతేరియో, కొన్‌స్తాంతీనో, మనుయెల్, మతేవుస్, లియొపోల్దో, మరియా. బ్రెజిల్‌లో బానిసత్వం 1888 దాకా పోలేదు. కాఫీకోసం కొండ కొట్టినవారూ బానిసలే, తిరిగి నాటినవారూ బానిసలే. మేజరుగారి పేరు చెప్పేవారు ఈ ఆరు పేర్లూ చెప్పాలి.

పదమూడేండ్లలో పదుల వేల మొక్కలు నాటారు. 1961లో ఏర్పడిన జాతీయ పార్కు సుమారు 10,000 ఎకరాలు. ఆ మొక్కలు దానికి ఏ మూలకు? గొడ్డలి ఆగినాక, మిగిలిన చెట్ల గింజలు పడి దానంతట అది మొలిచిన అడవే ఎక్కువ.

ఒక చిక్కు మాత్రం మన దేశంనుంచి వెళ్లినదే. పడమటి కనుమల పనసను పోర్చుగీసువారు బ్రెజిల్‌కు పట్టుకుపోయారు. తొనలు తీపి కావని ఎవరంటారు? కాని తిజూకాలో కాయలు రాలినచోట గుంపులుగా మొలిచి, అక్కడి సొంత మొక్కలను లేవనివ్వడం లేదు. మొలకలు పీకడం, పెద్ద మానులకు చుట్టూ బెరడు వలవడం పార్కువారికి పని అయింది. బంజరుకు ఏది తొందరగా పెరిగితే అదే ఇమ్మని నన్నడిగే వారికి ఈ పనస సంగతే చెబుతుంటాను.

అక్కడ ఇంకో లోటు కూడా వుండేది. అగూటి అని, కుందేలంత వుండే ఎలుకజాతి జంతువు. పెద్ద గింజలను పాతిపెట్టి, కొన్నిటిని మరచిపోతుంది. ఆ మరచినవే మొలుస్తాయి. ఆ అడవిలో అవి లేకుండా పోతే, 2010లో తెచ్చి వదిలారు. ఇప్పుడు మళ్లీ గింజలు పాతుతున్నాయి. పనస గింజలన్నా వాటికి ఇష్టమేనట.